విరిచిన చెయ్యే కట్టాలి

మార్సెయ్,
12 మే 1906.

హెయిసకు అన్నయ్యకి,

అక్కడ నారుమళ్ళు సిద్ధమవుతూ ఉంటాయి. కప్పలు నిన్ను నిద్రపోనివ్వకుండా గోల చేస్తూ ఉంటాయి. ఇక్కడ కప్పల్లేవు, గాలి ఉంది. ఉత్తరపు గాలి లేచిందంటే టోపీ ఒక వీధిలో, మనిషి ఇంకో వీధిలో.

చాపకి నుదురు ఆనించి మొక్కానని గురువుగారితో చెప్పు. ఈ ముక్కలు ఆయనకి చదివి వినిపించు. వ్యాయామశాలలో నాకు ముప్ఫైమంది శిష్యులున్నారు. అందరూ మనకంటే మూరెడు పొడుగు. పడటం నేర్పడానికే నెల పట్టింది. పడటమంటే వీళ్ళకి ఎంత నామోషీయో! "ముందు పడటం నేర్చుకోండి బాబూ" అంటే, "మేం వచ్చింది పడెయ్యడానికి, పడటానికి కాదు" అంటారు.

మన విద్య పేరు మాత్రం ఊరంతా మోగిపోతోందన్నయ్యా. మనం జూజుత్సు అంటాం, వీళ్ళు జియు-జిత్సు అని రాస్తారు. ఒక్కొక్కడు ఒక్కో తీరుగా పలుకుతాడు. ట్రాము మీద అదే పేరు, సబ్బు మీద అదే పేరు, ఆడవాళ్ళ నడుంపట్టీల మీద కూడా అదే! నాకు గది అద్దెకిచ్చిన మదాం ఒర్తాన్స్ పొద్దున్నే చీపురు తిరగేసి పిల్లిని తరుముతూ "జియు-జిత్సు! జియు-జిత్సు!" అని కేకలేస్తుంది. ఆ మాట వింటే చాలు, పిల్లి కిటికీలోంచి దూకుతుంది. మన కొండ ఊళ్ళో మాట సముద్రం దాటి ఇంత పేరు తెచ్చుకుంటుందని ఎవరనుకున్నారు? పిల్లి దగ్గర గురువుగారు తప్పకుండా నవ్వుతారు, చూడు.

వానలు మొదలైతే నీ భుజం ఇంకా లాగుతోందా?

యసోకిచి


త్సుయామా,
3 జూలై 1906.

ఒరేయ్ యసోకిచీ,

కప్పలు గుర్తున్నాయి, నా భుజమూ గుర్తుంది, సంతోషం. లాగుతోంది. నువ్వు కట్టిన కట్టు కదా, లాగక చస్తుందా?

గురువుగారి చూపు ఈ వేసవితో పూర్తిగా పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయంతే. నీ ఉత్తరం చదువుతుంటే మోకాళ్ళమీద కూర్చుని విన్నారు. పిల్లి దగ్గర నవ్వలేదు. మళ్ళీ చదవమన్నారు. రెండోసారీ నవ్వలేదు. నేనే నవ్వి, దగ్గు వచ్చినట్టు సర్దుకున్నాను.

తర్వాత అన్నారు: "హెయిసకూ, వాడికి రాయి. మన పేరులో మొదటి ముక్కకి మెత్తదనం అని అర్థం. లొంగి నిలవడం. ఆ పేరు చెవిన పడితే అక్కడి మనిషి మనసులో ఏం మెదులుతుందో కనుక్కుని రాయమను. సబ్బు సంగతి కాదు, మనిషి సంగతి."

తాలింఖానాకి వచ్చేవాళ్ళు ఏడుగురు మిగిలారు. ఎముకలు విరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళు మాత్రం రోజుకి పదిమంది. కుస్తీపట్లు నేర్పేవాడికి ఎముకలు కట్టడమే తిండి పెడుతుందని మన ముందువాళ్ళకి ఎంత ముందుచూపో!

అసలు సంగతి. వచ్చే శరత్తులో నువ్వు దిగగానే ఈ తాలింఖానా వారసపత్రం నీ చేతిలో పెడతానని గురువుగారు అందరిముందూ చెప్పారు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడివి, ఇక నా నెత్తినెక్కి కూర్చుంటావన్నమాట. కూర్చోలే. నీ పేరుపలక రోజూ తుడుస్తున్నాను. గోడమీద వరసలో మొదటిది నీది, రెండోది నాది.

ఒక్క ముక్క అడగనా? ముప్ఫైమంది శిష్యులన్నావు, ఒక్కడి పేరైనా రాయలేదేం? నేనైతే ఈ ఏడుగురి పుట్టుమచ్చలతో సహా రాసేవాణ్ణి.

హెయిసకు


మార్సెయ్,
20 సెప్టెంబరు 1906.

అన్నయ్యకి,

ఉత్తరం అందింది. ఇక్కడ క్షేమం. చుట్టుపక్కల ద్రాక్ష కోతలు జరుగుతున్నాయి. గురువుగారి ప్రశ్నకి జవాబు ఇంకా దొరకలేదు, భాష పట్టుబడలేదని చెప్పు. శిష్యుల పేర్లు మన నోటికి తిరగవు, అందుకే రాయలేదు.

ఒక చిన్న సందేహం. ఇక్కడ ఒకడు గుర్రం మీంచి పడ్డాడు. మూడు నెలలైంది. కుడి మోచెయ్యి. చెయ్యి చాచి ఉండగా వెనక్కి విరిగింది. కట్టు సరిగా పడలేదు, వంగి అతుక్కుపోయింది. ఇప్పుడు చాపితే సాగదు, ముడిస్తే ముడుచుకోదు. చెంచా నోటిదాకా రాదు. ఇలాంటిదానికి మన వైద్యంలో ఏమైనా ఉందా? నీకు తెలిసింది రాస్తే చాలు. గురువుగారిని అడగొద్దు. ఆయన్ని ఎందుకు శ్రమపెట్టడం?

వారసపత్రం సంగతి తొందరేం లేదని చెప్పు.

యసోకిచి


త్సుయామా,
8 నవంబరు 1906.

యసోకిచీ,

ఒరేయ్ అని పిలుద్దామన్నా ఈసారి మనసు రావడంలేదు.

ఇరవై ఏళ్ళుగా ఎముకలు కడుతున్నాను. గుర్రం మీంచి పడేవాడు చెయ్యి కింద ఆనిస్తాడు. మణికట్టు పోతుంది, లేదా భుజం పోతుంది. చాచిన చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి విరగాలంటే, ఇంకొకడు వెల్లకిలా పడుకుని ఆ చేతిని తొడలమధ్య బిగించి లాగాలి. ఆ పట్టు నీకు నేర్పిందెవరు? నేను కాదూ? తాతకి దగ్గులు నేర్పుతావా?

ఎవరిదా చెయ్యి? ఎవరు విరిచారు? విరిచినవాడు కట్టాడా లేదా?

నీకు పదహారేళ్ళప్పుడు నన్ను ఎత్తి పడేసి నా మెడకింద ఎముక విరగ్గొట్టావు, గుర్తుందా? నేను గుక్కపట్టి అరుస్తున్నా గురువుగారు లేవలేదు. చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళకి వైద్యుడు, ఒక్క వేలు వెయ్యలేదు. "విరిచిన చెయ్యే కట్టాలి" అని వెదురుబద్దలు నీ ముందుకి తోశారు. నువ్వు ఏడుస్తూ కట్టావు. వంకరగా కట్టావు. ఆ బొడిపె ఇప్పటికీ ఉంది. కానీ ఆ తర్వాత పదమూడేళ్ళలో నీ చేతిలో ఇంకొకడి ఎముక విరగలేదు. ఆ నియమం అందుకే పెట్టారు.

నీ ఉత్తరం గురువుగారికి ద్రాక్షల దాకా చదివి ఆపేశాను. "అంతేనా?" అన్నారు. "అంతే" అన్నాను. కళ్ళు లేని మనిషితో నాచేత అబద్ధమాడించావు. సిగ్గుతో ఆ పూట ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను.

ఈలోగా ఆ చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టమను. ఎవర్నీ బలంగా లాగనివ్వొద్దు. నిజం రాయి, మిగతా వైద్యం రాస్తాను.

హెయిసకు


మార్సెయ్,
2 జనవరి 1907.

అన్నయ్యకి,

నేనే విరిచాను. కట్టలేదు.

వ్యాయామశాల మూడు నెలలకే మూతపడింది. అప్పుడే ఓడెక్కాల్సింది. ఏం సాధించానని వెళ్ళాలి, ఏ మొహంతో వెళ్ళాలి అని ఆగిపోయాను. రేవు దగ్గర ఒక ఆటశాల ఉంది. పాటలు, గారడీ, కుక్కల సర్కసు. కుక్కల తర్వాత నేను. ముఖానికి రంగు పూసి, పువ్వులపువ్వుల పట్టు అంగీ తొడిగేవారు. ఐదు నిమిషాలు నా ఎదుట నిలబడ్డవాడికి బహుమతి. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే నేను అక్కడున్నాను. ముప్ఫైమంది శిష్యులు అబద్ధం. పిల్లి ఒక్కటే నిజం.

ఈ విద్యని బజారులో ఆడించనని గురువుగారి ముందు వేలు కోసుకుని రక్తంతో ముద్ర వేశాను. నేను రోజుకి రెండాటలు ఆడాను.

జూన్‌లో ఒకతను వేదిక ఎక్కాడు. పేరు ఫెలిసియాన్. రేవులో వేరుశనగ బస్తాలు మోసే మనిషి. తోటివాళ్ళు పందెం కట్టి నెట్టారు, నవ్వుకుంటూ వచ్చాడు. నొప్పెడితే పరుపుమీద రెండుసార్లు చరచాలని చేసి చూపించాను. "ఓహో, తలుపు తట్టినట్టా? సరే, నేను తడితే నువ్వు తియ్యాలి మరి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

పట్టు పడింది. చరిచాడు, రెండుసార్లు. అన్నయ్యా, నేను విన్నాను. వినపడలేదని రాసి రెండు కాగితాలు చింపాను. విన్నాను. అదే క్షణంలో జనం బల్లలు గుద్దుతూ "జియు-జిత్సు! జియు-జిత్సు!" అని అరుస్తున్నారు. అన్ని గొంతులు మన పేరు పలుకుతుంటే ఒళ్ళు మరిచిపోయాను. వాళ్ళవైపు చూశాను. అతను ఇంకో రెండుసార్లు చరిచాడు. తర్వాత ఆ చప్పుడు వచ్చింది. అదెలా ఉంటుందో నీకు తెలుసు.

నా పెట్టె తెరవెనకే ఉంది. గురువుగారిచ్చిన వెదురుబద్దలు, పట్టీలు, లేపనం అన్నీ అందులోనే. పది అడుగుల దూరం. మేనేజరు "దండం పెట్టు, ముందు దండం పెట్టు" అని ముందుకి తోశాడు. మూడుసార్లు తెర తీశారు. మూడుసార్లూ వంగి దండం పెట్టాను. మూడోసారి లేచేసరికి అతన్ని బండిలో వేసి ఇంటికి పంపేశారు. పక్కింటివాళ్ళెవరో గుడ్డతో కట్టారట. అతని ఇల్లెక్కడో కనుక్కున్నాను, వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా పదకొండు రోజులు ఆటలు ఆడాను. అది దాచిపెడితే మిగతాది చెప్పి ఏం లాభం?

గురువుగారి ప్రశ్నకి జవాబు దొరకలేదన్నాను. అది కూడా అబద్ధమే. సెప్టెంబరులో ఒకరోజు ధైర్యం చేసి అతని వీధిలోంచి నడిచాను. గుమ్మంలో కూర్చుని ఎడంచేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. అటుగా వెళ్తున్న పిల్లలు "ఏయ్ జియు-జిత్సు!" అని కేకేశారు. నన్నే అనుకుని ఆగిపోయాను. తలెత్తింది అతను. ఆ వీధిలో ఇప్పుడు అతన్ని అలాగే పిలుస్తారు. గురువుగారు అడిగారు కదా, మన పేరు వింటే అక్కడి మనిషికి ఏం మెదులుతుందని. వంకరచెయ్యి మెదులుతుంది.

నన్ను చూడకముందే మూల తిరిగి పారిపోయాను. ఆటశాల మానేసి ఇప్పుడు నేను కూడా రేవులో బస్తాలు మోస్తున్నాను. ఆ వీధికి రెండు సందుల అవతలే. వెళ్ళడానికి కాళ్ళు రావడంలేదు.

ఈ ఉత్తరం గురువుగారికి చదవాలో వద్దో నువ్వే చూడు.

యసోకిచి


త్సుయామా,
15 మార్చి 1907.

ఒరేయ్,

"చదవాలో వద్దో నువ్వే చూడు" అంటావా? బాగుందిరా! నీ నెత్తిమీది బరువు నా నెత్తికెత్తి చేతులు దులుపుకున్నావు.

నువ్వు సిగ్గు విడిచి రాశావు కాబట్టి నేను కూడా రాస్తాను. నీ ఉత్తరం చదవగానే నాకు ముందు వచ్చింది కోపం కాదు, జాలీ కాదు. "ఇక పత్రం నాదే" అనిపించింది. ఆ మనిషి చెయ్యి ఏమైందో అన్న తలపు తర్వాతెప్పుడో వచ్చింది. ఛీ, ముప్ఫై అయిదేళ్ళు వచ్చి నేను నేర్చుకున్నది ఇదా! పదకొండు రోజులు ఉత్తరాన్ని గూట్లో పెట్టి దాని చుట్టూ తిరిగాను. చదివితే నీ మంచికి చదువుతున్నానో, పత్రానికి ఆశపడి చదువుతున్నానో నాకే తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పన్నెండో రోజు పొద్దున గురువుగారి ముందు కూర్చుని, ముందు నా ఆశ సంగతి చెప్పుకున్నాను. "అది తర్వాత చూద్దాం, చదువు" అన్నారు. ఒక్క ముక్క వదలకుండా చదివాను. మూడు దండాల దగ్గర నేను ఆపేస్తే, మళ్ళీ అక్కణ్ణించి చదవమన్నారు.

అయ్యాక ఒక్కటే అడిగారు. "కట్టాడా?"

"లేదు."

"ఇవాళ్టికైనా?"

"లేదు గురువుగారూ."

లేచారు. నా భుజం పట్టుకున్నారు, సరిగ్గా ఆ బొడిపె మీద చెయ్యి పడింది. అలాగే గోడదాకా నడిచారు. వరసలో మొదటిది కదా, తడమక్కర్లేకపోయింది. నీ పలక తీసి, కాసేపు బొటనవేలితో రుద్ది, పేరు గోడవైపుకి తిప్పి అదే మేకుకి తగిలించారు. "దించలేదని రాయి. తిప్పానంతే" అన్నారు.

వైద్యం ఆయన మాటల్లోనే రాస్తున్నాను. మళ్ళీ విరిచి కడదామని ఆలోచించొద్దు, ఆ రోజులు దాటిపోయాయి. రోజూ పొద్దున వేడినీళ్ళలో నానబెట్టు. నూనె రాసి ముందు భుజం, తర్వాత మణికట్టు, ఆఖర్న మోచెయ్యి పట్టు. వెంట్రుకవాసి చాపు, ఆపు. వందరోజులు చెయ్యి, తర్వాత ఇంకో వందరోజులు. "బలంగా లాగేవాడు రెండోసారి విరుస్తాడు. ఆ చెయ్యి చాలంటే చాలు. ఈసారైనా వినమను" అన్నారు.

కాళ్ళు రావడంలేదట! బస్తాలు మొయ్యడానికి వస్తున్నాయి కదా? రెండు సందులు దాటు.

హెయిసకు


మార్సెయ్,
9 జూన్ 1907.

అన్నయ్యకి,

దాటాను. మొదటిరోజు అతని భార్య రోజాలి తలుపు తీసింది. నన్ను చూసి లోపలికెళ్ళింది, చేపలు కడిగిన నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది. "చేసిన ఘనకార్యం చాల్లేదా? ఏం మిగిలిందని వచ్చావు?" అంది. లోపల్నించి ఫెలిసియాన్ "ఎడంచెయ్యి మిగిలిందిగా, దానికోసం వచ్చుంటాడు" అన్నాడు.

ప్రతిరోజూ పని అవ్వగానే వెళ్ళి మెట్టుమీద కూర్చున్నాను. ఎనిమిదోరోజు ఆవిడ నీళ్ళు పోయలేదు. పందొమ్మిదోరోజు ఫెలిసియాన్ బయటికొచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ రోజు నేను చరిచాను. నీకు వినపడిందా?" అన్నాడు.

ఏడాది నుంచి ఆ ప్రశ్నకే భయపడ్డాను. "వినపడింది" అన్నాను.

"వినపడలేదంటావనుకున్నాను. అప్పుడు తన్ని తగలేద్దామనుకున్నాను" అన్నాడు. లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. గడియ వెయ్యలేదు.

రేపు నూనె తీసుకుని వెళ్తున్నాను. గురువుగారికి చెప్పు.

యసోకిచి


త్సుయామా,
30 జూలై 1907.

తమ్ముడూ,

చెప్పడానికి ఆయన లేరు. నీ ఉత్తరం రావడానికి ఆరు రోజుల ముందు పోయారు. తలుపుకి గడియ వెయ్యలేదన్న ముక్క ఆయన వినలేదు. సమాధి దగ్గరికెళ్ళి గట్టిగా చదివాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకునేవాళ్ళు, అనుకోనీ.

పోయేముందు పత్రం నా చేతిలో పెట్టారు. "ఆశపడ్డానని ఒప్పుకున్నావు కదా, ఇక దాన్ని అదుపులో పెట్టుకో" అన్నారు. సంతోషం రాలేదురా. నీ దగ్గర దొంగిలించినట్టుంది. పెట్టెలో పెట్టాను, ఇంతవరకు విప్పలేదు.

పలక సంగతి అడిగాను. "నాతో పనేముంది, అది వాడి చేతిలో ఉంది" అన్నారు. ఇప్పుడు ఈ తాలింఖానాకి పెద్దదిక్కు నేనే. ఇంత చేశావు, ఇక చాలనిపిస్తోంది. ఒక్కమాట రాయి, తిప్పేస్తాను. ఏడుగురూ రోజూ ఆ చెక్క వెనకభాగం చూస్తుంటే నాకే తలవంపుగా ఉంది.

తిప్పమంటావా?

హెయిసకు


మార్సెయ్,
24 సెప్టెంబరు 1907.

అన్నయ్యకి,

గురువుగారు పోయారని చదివి పొద్దంతా బస్తా ఎత్తలేకపోయాను. మేస్త్రీ తిడుతుంటే ఫెలిసియాన్ చెప్పాడట, వాళ్ళింట్లో పెద్దాయన పోయారు, ఊరుకో అని.

పత్రం విప్పన్నయ్యా. అది నీదే. మొదటినించీ నీదే అయ్యుండాలి.

వందరోజులు దాటింది. చెంచా నోటికందుతోంది. చొక్కా పైబొత్తం తనే పెట్టుకుంటున్నాడు. చాపితే ఇంకా నాలుగు వేళ్ళు తక్కువ, ఆ నాలుగు వేళ్ళు రావు. బస్తా ఇక మొయ్యలేడు. మేస్త్రీ దగ్గర లెక్క చూసే పని దొరికింది. ఆ చెయ్యి ఎంత బాగుపడినా మునుపటి చెయ్యి కాదు. వీధిలో పిల్లలు ఇంకా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా ఇద్దరం తల తిప్పుతాం.

నూనె తీసుకెళ్ళిన మొదటిరోజు సంగతి నీకు రాయలేదు. బల్లమీద చెయ్యి పెట్టాడు. రోజాలి చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. నేను నూనె రాసి భుజం పట్టి, మణికట్టు పట్టి, మోచేతి దగ్గరికొచ్చాను. ఇంకా చాపనేలేదు, నొప్పి రానేలేదు. నా కళ్ళలోకి చూస్తూ ఎడం అరచేత్తో బల్లమీద రెండుసార్లు చరిచాడు.

వదిలేశాను.

మళ్ళీ పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. మళ్ళీ చరిచాడు, వదిలేశాను. ఆ పొద్దు ఏడుసార్లు అలా చేశాడు. నొప్పికి కాదు, పరీక్షకి. ఏడోసారీ వదిలేశాను. రోజాలి చీపురు పక్కనపెట్టి పొయ్యిమీద నీళ్ళు పెట్టింది.

ఇప్పటికీ రోజూ మొదలుపెట్టేముందు ఒకసారి చరుస్తాడు. నేను వదిలాకే చెయ్యి నాకిస్తాడు. నిన్న మరిచిపోయాడు. చరచకుండానే ఇచ్చేశాడు. నేనే గుర్తుచేశాను.

వందరోజులు అయ్యాయి, ఇంకో వంద ఉన్నాయి. పలక తిప్పకు. తుడుస్తూ ఉండు, చాలు.

యసోకిచి